చలికి మొరాయించిన కారు

పిల్లలూ! కాలాన్ని ఒకసారి 1985 డిసెంబరుకు వెనక్కి తిప్పుదాం. మనమంతా లంబసింగిలో ఉన్నామనుకోండి. విశాఖ మన్యంలో, తూర్పు కనుమల మీద, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న చిన్న ఊరు అది. ఇప్పుడది అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. చలికాలంలో కొన్ని రోజులు తెల్లవారుజామున అక్కడి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గరకు దిగిపోతుంది. గడ్డి మీది మంచుబిందువులు కూడా గట్టిపడిపోతాయి.

తెల్లవారుజామున 5 గంటలు. మీ నాయనమ్మకు రాత్రి నుంచి ఆయాసం. ఊపిరి అందడం లేదు. పెద్దాసుపత్రికి వెళ్లాలంటే ఘాట్ రోడ్డు దిగి, సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని నర్సీపట్నం చేరాలి. ఫోను చేస్తే వచ్చే 108 అంబులెన్సు మన రాష్ట్రంలో మొదలైంది 2005లో. మీరున్నది 1985లో! మొదటి బస్సు వచ్చేసరికి బాగా తెల్లవారుతుంది. వీధిలో ఉన్నది ఒకే ఒక్క అంబాసిడర్ కారు. పాపం, దాని డ్రైవరు పిలవగానే లేచి వచ్చాడు. నాయనమ్మను దుప్పట్లు కప్పి వెనక సీట్లో పడుకోబెట్టారు.

డ్రైవరు చోక్ లాగి, తాళం తిప్పాడు. గ్ర్... గ్ర్... గ్ర్... అంతే! మళ్లీ తిప్పాడు. గ్ర్... గ్ర్... మూడోసారికి ఆ చప్పుడు మరింత నీరసించింది.

అప్పుడు ఎదురింటి అరుగు మీద నుంచి రగ్గు కప్పుకున్న ముసలి లారీ మేస్త్రీ ఒకాయన కేక వేశాడు. "ఆపు బాబూ! ఇక సెల్ఫ్ కొట్టకు. ఉన్న కాస్త బ్యాటరీ కూడా పోయిందంటే, తర్వాత జబ్బు తెలిసినా మందు వేయలేం."

మేస్త్రీ తాత ఏం చేశాడో చూసే ముందు, అసలు ఆ ఇంజన్ లోపల ఏం జరగాలో తెలుసుకుందాం.

పెట్రోలు కాదు, పెట్రోలు ఆవిరి మండుతుంది

కారు ఇంజన్ కూడా ఒక పొయ్యే. మామూలు పొయ్యి రగలాలంటే ఏమేం కావాలి? కట్టెలు కావాలి, గాలి కావాలి, అగ్గిపుల్ల కావాలి. ఇంజన్‌లో కట్టెల బదులు పెట్రోలు, అగ్గిపుల్ల బదులు స్పార్క్ ప్లగ్గులో పుట్టే విద్యుత్ రవ్వ. ఈ రెండూ గాలితో కలిసి సిలిండర్‌లో సరైన సమయానికి సమకూడాలి. అప్పుడు మంట పుట్టి, వేడి వాయువులు పిస్టన్‌ను కిందికి తోస్తాయి.

కాని ఒక చిక్కుంది. ద్రవంగా ఉన్న పెట్రోలు మండదు. దాని పైనుంచి లేచే ఆవిరి గాలితో కలిసినప్పుడే మండుతుంది. ఆ కలయికకూ ఒక లెక్క ఉంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 15 గ్రాముల గాలి కావాలి. వినడానికి ఇది తక్కువే అనిపిస్తుంది. కాని గాలి ఎంత తేలికో గుర్తు తెచ్చుకోండి. ఒక లీటరు పెట్రోలుకు దాదాపు 9 వేల లీటర్ల గాలి అవసరం! అంటే రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండుంపావు మీటర్ల ఎత్తు ఉన్న గదిలోని గాలి అంతా అన్నమాట. ఆవిరి మరీ తక్కువైనా రవ్వకు అంటుకోదు, మరీ ఎక్కువైనా అంటుకోదు.

ఈ వంటలో ఉప్పూ కారం సరిచూసే పని కార్బ్యురేటర్‌ది. ఇంజన్ పీల్చుకునే గాలి ఒక గొట్టంలోంచి వస్తుంది. ఆ గొట్టం నడుము దగ్గర సన్నగా ఉంటుంది. సన్నని చోట గాలి వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే పీడనం తగ్గుతుంది. ఈ సూత్రాన్ని బెర్నౌలీ అనే శాస్త్రవేత్త 1738లో తన పుస్తకంలో ప్రకటించాడు. పీడనం తగ్గిన ఆ నడుము దగ్గరే జెట్ అనే సన్నని రంధ్రం ఉంటుంది. పక్కనున్న చిన్న తొట్టిలోంచి పెట్రోలు ఆ రంధ్రం గుండా పైకి లేచి, తుంపరగా గాలిలో కలుస్తుంది.

చలి నాలుగు వైపుల నుంచి దెబ్బ తీస్తుంది

మొదటి దెబ్బ పెట్రోలుకు. పెట్రోలు ఒకే పదార్థం కాదు. ఎన్నో హైడ్రోకార్బన్ల కలగలుపు. అందులో కొన్ని 35 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కొన్నింటికి 200 డిగ్రీల దాకా వేడి కావాలి. పొయ్యిలో చితుకులూ ఉంటాయి, మొద్దులూ ఉంటాయి గదా! అలాగే ఇక్కడా చితుకుల్లాంటి తేలిక భాగాలే ముందుగా ఆవిరై మంట అందుకుంటాయి. చలి 3 డిగ్రీలకు దిగినప్పుడు పెట్రోలు ఆవిరి ఒత్తిడి 30 డిగ్రీల దగ్గర ఉండేదానిలో సగం కూడా ఉండదు. మిగిలిన తుంపర చల్లని ఇనుప గోడలకు తగిలి, చుక్కలై అక్కడే అంటుకుపోతుంది.

రెండో దెబ్బ ఇంజన్ ఆయిల్‌కు. చలికాలం పొద్దున్నే కొబ్బరినూనె సీసా తలకిందులు చేసినా చుక్క రాలదు. ఇంజన్ ఆయిల్ అంతగా గడ్డకట్టదు గాని ఆముదంలా చిక్కబడుతుంది. అంత జిగటలో పిస్టన్లను కదపాలంటే సెల్ఫ్ మోటారుకు ఎక్కువ బలం కావాలి.

మూడో దెబ్బ, ఆ బలాన్ని ఇవ్వాల్సిన బ్యాటరీకి. బ్యాటరీలో సీసం పలకలకూ, సల్ఫ్యూరిక్ ఆమ్లానికీ మధ్య జరిగే రసాయన చర్య వల్ల విద్యుత్తు పుడుతుంది. చలిలో ఆ చర్య మందగిస్తుంది. అంటే, పని పెరిగిన రోజునే పనివాడి సత్తువ తగ్గిందన్నమాట!

ఈ రెండు దెబ్బల ఫలితమే నాలుగోది. ఇంజన్ మెల్లగా తిరిగితే గాలి మెల్లగా వస్తుంది. గాలి వేగం సగానికి తగ్గితే జెట్ దగ్గర పీల్పు సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. అప్పుడు పెట్రోలు పైకి లేవనే లేవదు.

ఇన్ని కారణాలు ఉన్నప్పుడు తప్పు ఎక్కడుందో ఊహించుకుంటూ కూర్చుంటే తెల్లవారిపోతుంది. అందుకే మేస్త్రీ తాత వరసగా మూడు ప్రశ్నలు వేసుకున్నాడు.

మొదటి ప్రశ్న: ఇంజన్ తగినంత వేగంగా తిరుగుతోందా?

"బ్యాటరీ బాగానే ఉంది తాతా, చూడండి లైట్లు ఎలా వెలుగుతున్నాయో!" అన్నాడు డ్రైవరు.

తాత నవ్వి బానెట్ ఎత్తాడు. మీ చేతికి టార్చిలైటు ఇచ్చాడు. బ్యాటరీ తీగ బిగించిన చోట తెల్లగా, పచ్చగా బూజులాంటి పొడి పేరుకుని ఉంది. అది ఆమ్లం లోహాన్ని తినగా ఏర్పడిన లవణం. విద్యుత్తుకు అది అడ్డుగోడ.

మరి లైట్లు ఎలా వెలిగాయి? ఓం నియమంతో లెక్క కడదాం. ఆ పొడి నిరోధం 0.02 ఓములు అనుకుందాం. హెడ్‌లైట్లకు సుమారు 8 ఆంపియర్ల విద్యుత్తు చాలు. 8ని 0.02తో గుణిస్తే 0.16 వోల్టులు. అంత చిన్న నష్టం లైట్లకు లెక్కలోది కాదు. కాని సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్ల దాకా లాగుతుంది. 150ని 0.02తో గుణిస్తే 3 వోల్టులు! 12 వోల్టుల బ్యాటరీలో 3 వోల్టులు ఆ పొడి దగ్గరే ఖర్చయిపోతే మోటారుకు మిగిలేది ఏముంది? లైట్లు వెలగడం అబద్ధం కాదు. అయితే అది వేరే ప్రశ్నకు జవాబు.

తాత తీగలు విప్పి, వేడినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, గీకి మళ్లీ బిగించాడు. ఆ పది నిమిషాల విశ్రాంతి బ్యాటరీకీ మేలు చేసింది. ఎడతెరిపి లేకుండా సెల్ఫ్ కొట్టినప్పుడు పలకల దగ్గరి ఆమ్లం పలచబడుతుంది. కాస్త ఆగితే చుట్టూ ఉన్న చిక్కని ఆమ్లం పలకల్లోకి ఇంకి, బ్యాటరీ కొంత కోలుకుంటుంది. అందుకే ఒక్కోసారి ఐదారు సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకూడదు. మధ్యలో నిమిషమైనా ఆగాలి.

రెండో ప్రశ్న: రవ్వ పుడుతోందా?

తాత ఒక ప్లగ్గు ఊడదీశాడు. పెట్రోలుకు దూరంగా దాన్ని ఇంజన్ ఇనుముకు ఆనించి, డ్రైవరును ఒక్క క్షణం తాళం తిప్పమన్నాడు. ఈసారి ఇంజన్ చురుగ్గా తిరిగింది. ప్లగ్గు కొనలో టిక్కుమంటూ నీలిరవ్వ కనిపించింది.

12 వోల్టుల బ్యాటరీకి రవ్వ పుట్టించే శక్తి లేదు. ఇగ్నిషన్ కాయిల్ ఆ 12 వోల్టులను పదిహేను, ఇరవై వేల వోల్టులకు పెంచుతుంది. అప్పుడే విద్యుత్తు ప్లగ్గులో అర మిల్లీమీటరుకు పైగా ఉన్న సందును దూకగలదు. రవ్వ లేకపోయినా, పసుపుగా నీరసంగా ఉన్నా తాత డిస్ట్రిబ్యూటర్ మూత చూసేవాడు. మంచు కురిసిన రాత్రి ఆ మూత లోపల చెమ్మ చేరుతుంది. అన్ని వేల వోల్టుల విద్యుత్తు ప్లగ్గు దాకా పోకుండా ఆ తడి మీదుగా పక్కదారి పడుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు, సగం కార్లు బాగుపడతాయంటారు మెకానిక్కులు.

మన కారులో మాత్రం రవ్వ బాగానే ఉంది. కాబట్టి ఆ అనుమానం తీరిపోయింది.

మూడో ప్రశ్న: ప్లగ్గు తడిగా ఉందా, పొడిగా ఉందా?

తాత ఆ ప్లగ్గును మీ టార్చి వెలుగులో తిప్పి చూశాడు. "అన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా ఇది ఎండిపోయి ఉందే! వాసన కూడా లేదు. సిలిండర్‌లోకి పెట్రోలు రావడం లేదు బాబూ" అన్నాడు.

చూశారా, ప్లగ్గు ఎంత మంచి సాక్షో! సిలిండర్ లోపలికి మనం తొంగి చూడలేం. కాని లోపల ఏం జరిగిందో ప్లగ్గు చెబుతుంది. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, మంట లేదు. పొడిగా ఉంటే పెట్రోలే లేదు.

"చోక్ పూర్తిగా లాగాను తాతా!" అన్నాడు డ్రైవరు.

"నువ్వు లాగింది పిడిని. అక్కడ పలక మూసుకుందా లేదా అని చూశావా?"

తాత గాలి ఫిల్టరు విప్పాడు. కార్బ్యురేటర్ నోట్లో నాణెంలాంటి ఒక గుండ్రని పలక కనిపించింది. మిమ్మల్ని డ్రైవరు సీట్లో కూర్చుని చోక్ పిడి లాగమన్నాడు. మీరు లాగారు. పిడి చేతికి వచ్చింది, పలక మాత్రం కదల్లేదు! పిడికీ పలకకూ మధ్యనున్న తీగను పట్టి ఉంచే చిన్న మర వదులైపోయింది. తీగ జారిపోతోంది. అంతా చేసిన తప్పు ఆ వేలిగోరంత మరది.

చోక్ గుట్టు ఏమిటి?

కొబ్బరిబొండం తాగే గొట్టానికి నడుము దగ్గర చిన్న చిల్లు పడిందనుకోండి. ఎంత పీల్చినా గాలే వస్తుంది గాని నీళ్లు రావు. ఆ చిల్లును వేలితో మూసి పీల్చి చూడండి, నీళ్లు జర్రున వస్తాయి! చోక్ పలక చేసే పని సరిగ్గా అదే. అది గాలి దారిని మూసేస్తుంది. దాంతో ఇంజన్ పీల్పు అంతా పెట్రోలు మీద పడుతుంది. ఇంజన్ మెల్లగా తిరుగుతున్నా పెట్రోలు ధారాళంగా లేస్తుంది. కొన్ని రకాల కార్బ్యురేటర్లలో పలక ఉండదు. వాటిలో చోక్ లాగితే జెట్ కిందికి దిగి, పెట్రోలు దారి వెడల్పవుతుంది. ఎలా చేసినా ఫలితం ఒకటే.

అంత పెట్రోలు ఎందుకు? అదంతా మండడానికి కాదు. చలిలో ఆవిరయ్యేవి తేలిక భాగాలు మాత్రమే గదా. మొత్తం ఎక్కువ పోస్తేనే అందులోని తేలిక భాగాలు చాలినంత ఆవిరినిస్తాయి. చితుకులు తక్కువగా ఉన్న మోపులోంచి చాలినన్ని చితుకులు కావాలంటే మోపులు ఎక్కువ విప్పాలి. అదీ సంగతి. వారాల తరబడి కదలని కారు మరింత మొండికేయడానికి కారణం కూడా ఇదే. దాని తొట్టిలోని పెట్రోలులో తేలిక భాగాలు ముందే ఎగిరిపోయి, మొద్దులే మిగులుతాయి. ఒక్కోసారి తొట్టే ఎండిపోతుంది.

తాత మర బిగించాడు. మీరు మళ్లీ పిడి లాగారు. ఈసారి పలక టప్పున మూసుకుంది. ప్లగ్గు, ఫిల్టరు బిగించాక డ్రైవరు తాళం తిప్పాడు. గ్ర్-గ్ర్-గ్ర్-గ్ర్... ఒక దగ్గు... మరో దగ్గు... భుర్ర్ర్‌మని ఇంజన్ అందుకుంది! వెనక గొట్టంలోంచి తెల్లని ఆవిరి లేచింది. కొద్ది సెకన్లు కాగానే తాత పిడిని సగం లోపలికి నెట్టించాడు. కారు ఘాట్ రోడ్డు మలుపు తిరిగేసరికి తూర్పున ఇంకా వెలుగు రాలేదు. నాయనమ్మ ఆసుపత్రికి వేళకే చేరుతుంది.

ప్లగ్గు తడిసి ఉంటే?

ఈ కథ మరోలా కూడా జరగవచ్చు. డ్రైవరు కంగారులో చోక్ లాగి, యాక్సిలరేటరును పదే పదే తొక్కాడనుకుందాం. చాలా కార్బ్యురేటర్లలో తొక్కినప్పుడల్లా ఒక చిన్న పంపు కాస్త పెట్రోలు చిమ్ముతుంది. అప్పుడు ప్లగ్గులు పెట్రోలుతో తడిసి ముద్దవుతాయి. నీళ్లు పోసిన పొయ్యిలో అగ్గిపుల్ల గీసినట్లే! దీన్నే మెకానిక్కులు 'ఓవర్‌ఫ్లో అయింది' అంటారు.

దీనికి మందు రివర్సులో ఉంటుంది. పది నిమిషాలు ఆగాలి. చోక్ పూర్తిగా లోపలికి నెట్టాలి. యాక్సిలరేటరును ఒకేసారి అడుగంటా తొక్కి అలాగే పట్టుకుని, సెల్ఫ్ కొట్టాలి. గాలి ధారాళంగా దూరి తడిని ఆరబెడుతుంది. చూశారా! పొడిప్లగ్గుకు చేసే వైద్యం తడిప్లగ్గుకు చేస్తే రోగం ముదురుతుంది. అందుకే ముందు చూడాలి, తర్వాతే చేయాలి.

ఇలా చూసి చేసినవాళ్లలో మొదటి వరసలో ఉండాల్సిన వ్యక్తి ఒక స్త్రీ. జర్మనీకి చెందిన బెర్తా బెంజ్ 1888 ఆగస్టులో తన భర్త కార్ల్ బెంజ్ తయారు చేసిన కారులో, ఇద్దరు కొడుకులతో కలిసి మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు 100 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసింది. దారిలో ఇంధనం వచ్చే గొట్టం పూడుకుపోతే, ఆమె తన టోపీకి పెట్టుకున్న పిన్నుతో దాన్ని శుభ్రం చేసి ముందుకు సాగింది. అప్పటికి దారిలో మెకానిక్కు షెడ్లు లేవు మరి!

ఇవి మరిచిపోకండి

పెట్రోలుతో మీరు ఎలాంటి ప్రయోగమూ చేయకూడదు. దాని ఆవిరి కంటికి కనబడదు, నేలబారుగా పాకుతుంది, దూరాన ఉన్న దీపాన్ని కూడా అందుకుంటుంది. ప్లగ్గు తీగలను ముట్టుకోకండి; వేల వోల్టుల దెబ్బ తగులుతుంది. తలుపులు మూసిన షెడ్డులో కారును ఎవరూ స్టార్ట్ చేయకూడదు. చోక్ లాగిన ఇంజన్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ మరీ ఎక్కువగా వస్తుంది. దానికి రంగూ వాసనా లేవు. మనిషిని నిద్రలోనే చంపగలదు.

ఇంజన్ వేడెక్కాక కూడా చోక్ లాగి ఉంచితే నల్లపొగ వస్తుంది. మండని పెట్రోలు సిలిండర్ గోడల మీది నూనె పొరను కడిగేసి, ఇంజన్‌ను అరగదీస్తుంది.

చోక్ ఎక్కడికి పోయింది?

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పటి కొత్త కార్లలో కార్బ్యురేటర్ లేదు. బీఎస్-6 ప్రమాణాలు అమలైన 2020 ఏప్రిల్ నుంచి కొత్త మోటారు సైకిళ్లలో కూడా అది దాదాపు మాయమైంది. ఇప్పుడు ఇంజన్ ఎంత చల్లగా ఉందో ఒక సెన్సర్ కొలిచి కంప్యూటరుకు చెబుతుంది. చల్లగా ఉంటే కంప్యూటరు ఎక్కువ పెట్రోలు చిమ్మిస్తుంది. అంటే చోక్ పోలేదు, పిడి మాత్రమే పోయింది!

పాత కార్లను ముద్దుగా దాచుకున్నవారికి ఇప్పుడు మరో పరీక్ష వచ్చింది. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం మొదలైంది. ఇథనాల్ ఆవిరి కావడానికి అంతే బరువున్న పెట్రోలు కంటే రెండింతలకు పైగా వేడి కావాలి. పైగా అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కొన్ని పాత రబ్బరు గొట్టాలను పాడు చేస్తుంది. కాబట్టి మేస్త్రీ తాత మూడు ప్రశ్నలకు ఇంకా కాలం చెల్లలేదు.

మీరే చేసి చూడండి

1. గ్లాసు నీళ్లలో ఒక చిన్న గొట్టం నిలబెట్టండి. దాని పైకొన మీదుగా మరో గొట్టంతో మెల్లగా ఊదండి, తర్వాత గట్టిగా ఊదండి. తుంపర ఎప్పుడు లేచింది? సెల్ఫ్ మోటారు నీరసిస్తే పెట్రోలు ఎందుకు లేవదో మీకే తెలుస్తుంది.

2. ఒక చేతి మీద నీటిచుక్క, మరో చేతి మీద చేతులు శుభ్రం చేసుకునే సానిటైజరు చుక్క వేసి ఊదండి. ఏది చల్లగా ఉంది? ఆవిరయ్యే ద్రవం వేడిని ఎక్కడి నుంచి లాక్కుంటుందో ఆలోచించండి.

ఇక మీకొక ప్రశ్న. ఇదే అంబాసిడర్ మే నెలలో మిట్టమధ్యాహ్నం విజయవాడ ఎండలో చాలాదూరం నడిచి, పది నిమిషాలు ఆగింది. మళ్లీ తీయబోతే స్టార్ట్ కాలేదు. చలి లేదు, బ్యాటరీ బాగుంది, రవ్వ బాగుంది. మరి ఏమైంది? చిన్న సూచన: లంబసింగిలో కావలసినంత దొరకనిది విజయవాడలో ఉండకూడని చోట, అంటే పెట్రోలు గొట్టంలో, మరీ ఎక్కువైంది. అదేమిటో మీ సైన్సు మాస్టారితో చర్చించి చూడండి.